పేరు చూసి లాప్‌టాప్ కొనొచ్చా?

మాది కోట్‌పల్లి. మొన్న నాన్న కందులు అమ్మిన పైసలు తమ్ముడి చేతిలో పెట్టి, "మంచి కంపెనీ లాప్‌టాప్ కొనుక్కో" అన్నడు. "ఏ కంపెనీ అన్నా?" అని వాడు నన్ను అడిగిండు.

నేను వాడికి చరిత్ర చెప్పిన. తోషిబా 1985లోనే టీ1100 లాప్‌టాప్ తెచ్చింది. 2020 కల్లా ఆ వ్యాపారమంతా షార్ప్ చేతికి పోయింది, ఇప్పుడు దాని పేరు డైనాబుక్. థింక్‌ప్యాడ్‌ను 1992లో మొదలుపెట్టింది ఐబీఎం. 2005 నుంచి అది లెనోవోది. కాంపాక్ 2002లో హెచ్‌పీలో కలిసిపోయింది.

మన తాండూరు కందికి 2022లో జీఐ గుర్తింపు వచ్చింది. ఆ పేరు ఈ నేలది, ఇంకొకరికి అమ్మలేం. లాప్‌టాప్ పేరు అట్ల కాదు, చేతులు మారుతుంది.

అందుకే పేరొక్కటే చూడొద్దు, మోడల్ చూడాలి. వారంటీ ఎన్నేండ్లు? సర్వీస్ సెంటర్ వికారాబాద్‌లో ఉందా, హైదరాబాద్ పోవాల్నా? ర్యామ్, బ్యాటరీ మార్చుకోవచ్చా? ఇవి ముందే అడగాలి. నా పాత లాప్‌టాప్‌ది పెద్ద పేరే. హింజ్ విరిగితే పార్ట్ దొరకలేదు, మూలకు పడ్డది.

ఒక పంట పైసలు ఫ్రెండ్స్ అవి. స్టిక్కర్ చూసి పెట్టొద్దు. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం!