యల్లాప్రగడ సుబ్బారావు గారి రెండు మందులు

మన పక్క కోరంగిలో పుట్టి, రంగూన్‌లో సంపాదించిన మల్లాడి సత్యలింగ నాయకర్ గారి పేరు తెలియనివారు మనలో ఉండరు. ఆయన పేరిట కాకినాడలో ఉన్న ఛారిటీస్ సాయం చేస్తామని మాట ఇవ్వడం, అనపర్తిలోని మామగారు డబ్బు సమకూర్చడం వల్లే 1923లో భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావు గారు బోస్టన్ చేరగలిగారు.

తర్వాత ఆయన లెడర్లీ కంపెనీలో పరిశోధనలకు అధిపతి అయ్యారు. రక్తకణాలు పెరగాలంటే ఫోలిక్ ఆమ్లం కావాలి. దానికి అడ్డుపడే అమినోప్టెరిన్‌ను ఆయన బృందం తయారు చేసింది. బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ దాన్ని లుకేమియా ఉన్న 16 మంది పిల్లలకు ఇచ్చారు. 10 మందిలో జబ్బు కొంతకాలం తగ్గిందని 1948లో ప్రకటించారు. అదే కోవకు చెందిన మెథోట్రెక్సేట్‌ను నేటికీ వాడుతున్నారు.

అయితే ఈ మందు చెడ్డ కణాలనే కాదు, మంచి తెల్లకణాలనూ తగ్గిస్తుంది. నోటిలో, పేగుల్లో పొర దెబ్బతింటుంది. పేగుల్లో ఉండాల్సిన సూక్ష్మజీవులు అక్కడి నుంచి రక్తంలోకి దిగుతాయి. వాటిని ఎదిరించే కాపలా ఉండదు. పెన్సిలిన్ అలాంటి సూక్ష్మజీవుల్లో చాలావాటి మీద పనిచేసేది కాదు.

ఇక్కడే చరిత్రలో ఒక విశేషం ఉంది. సుబ్బారావు గారి ఆధ్వర్యంలోనే బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్ కనుగొన్నారు. అనేక రకాల సూక్ష్మజీవుల మీద పనిచేసే ఆ యాంటీబయాటిక్ లోకానికి తెలిసింది కూడా 1948లోనే. ఆ ఆగస్టులోనే సుబ్బారావు గారు కన్నుమూశారు. టెట్రాసైక్లిన్ కుటుంబానికి అదే తొలి మందు.

1966లో జెరాల్డ్ బోడీ బృందం లెక్కలు తీసి చూపింది: న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు ఎంత తగ్గితే, ఎన్నాళ్లు తక్కువగా ఉంటే, ఇన్ఫెక్షన్ ముప్పు అంత ఎక్కువ. అప్పటి నుంచి పద్ధతి మారింది. జ్వరం రాగానే బ్లడ్ కల్చర్‌కు రక్తం తీసి, ఫలితం కోసం ఆగకుండా యాంటీబయాటిక్ మొదలుపెడతారు. ఇప్పుడు ఇందుకు వాడే మందులు వేరు. కొన్ని సూక్ష్మజీవులు వాటికీ లొంగడం లేదు. అందుకే ఆలస్యం మరింత ప్రమాదం.

మనవాళ్లలో ఎవరైనా కీమో తీసుకుంటూ ఉంటే ఈ ఒక్క మాట చెప్పండి. ఒళ్లు వేడెక్కినా, చలి వణుకు వచ్చినా పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా చూడొద్దు. థర్మామీటర్‌లో 38 డిగ్రీలు, అంటే 100.4 ఫారన్‌హీట్ దాటితే అర్ధరాత్రయినా డాక్టరుకు ఫోన్ చేసి ఆసుపత్రికి బయలుదేరాలి. కీమో కాగితాలు, ఆసుపత్రి నంబరు ఒకే సంచిలో సిద్ధంగా ఉంచుకోండి. రాత్రివేళ బండి కావలసి వస్తే సంఘంలో ఎవరినైనా లేపండి, మొహమాటం వద్దు.