తుర్రేబాజ్ ఖాన్
తుర్రేబాజ్ ఖాన్ (మరణం: 1859 జనవరి 24) 1857 తిరుగుబాటు కాలంలో హైదరాబాద్‌లోని బ్రిటిష్ రెసిడెన్సీపై జరిగిన దాడికి నాయకత్వం వహించిన రోహిల్లా యోధుడు. నివాసం బేగంబజార్. బాల్య విశేషాలు అంతగా నమోదు కాలేదు. చరిత్రలో ఆయన స్థానమంతా చివరి రెండేళ్లదే.

ఈస్టిండియా కంపెనీ సేవను వదిలి నగరానికి వచ్చిన జమాదార్ చీదా ఖాన్‌నూ అతని అనుచరులనూ దివాన్ మొదటి సాలార్‌జంగ్ బంధించి రెసిడెన్సీకి అప్పగించాడు. వారి విడుదల కోసం 1857 జూలై 17 సాయంత్రం తుర్రేబాజ్ ఖాన్, మక్కా మసీదుతో సంబంధమున్న మౌల్వీ అల్లావుద్దీన్ సుమారు 500 మందితో కోఠీలోని రెసిడెన్సీని ముట్టడించారు. సమీపంలోని అబ్బన్ సాహెబ్, జైగోపాల్ దాస్‌ల ఇళ్లను ఆక్రమించి అక్కడినుంచి కాల్పులు జరిపారు. నిజాం అఫ్జల్ ఉద్దౌలా ప్రభుత్వం కంపెనీ పక్షానే నిలిచింది. రెసిడెంట్ డేవిడ్‌సన్‌కు సాలార్‌జంగ్ ముందే కబురు పంపడంతో అవతల ఫిరంగులు సిద్ధంగా ఉన్నాయి. పోరు తెల్లవారేలోపు ముగిసింది.

తప్పించుకున్న తుర్రేబాజ్ ఖాన్ కొద్ది రోజులకే పట్టుబడ్డాడు. విధించిన ద్వీపాంతరవాస శిక్ష అమలు కాకముందే, 1859 జనవరి 18న చెరనుంచి పారిపోయాడు. ప్రభుత్వం 5,000 రూపాయల బహుమతి ప్రకటించింది. ఆరు రోజులకు తూప్రాన్ (నేటి మెదక్ జిల్లా) సమీపంలో కాల్చి చంపి, శవాన్ని హైదరాబాద్ తెచ్చి బహిరంగంగా వేలాడదీశారు. అల్లావుద్దీన్‌ను అండమాన్‌కు పంపారు.

రెసిడెన్సీ భవనం తర్వాత మహిళా కళాశాలైంది. కోఠీలో ఒక రహదారికి తుర్రేబాజ్ ఖాన్ పేరు పెట్టారు. 1857 స్మారక స్తూపం కూడా అక్కడే ఉంది.