మూసీకి ఇటు కోర్టు, అటు ఆస్పత్రి

పాతబస్తీ వైపు మూసీ ఒడ్డున హైకోర్టు ఎర్రరాతి భవనం. నయాపూల్ దాటితే అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆస్పత్రి. రెండూ ఏడో నిజాం నాటివే. ఈ చుట్టుపక్కల అరవై దాటిన గే పురుషులు హెచ్‌ఐవీ పరీక్షకు ఎందుకు వెనకాడతారంటే, అవగాహన లేక అని తేల్చేస్తుంటాం. చరిత్ర వేరే మాట చెప్తుంది. వాళ్ల భయం జబ్బు గురించి కాదు, తమ పేరు ఎవరి పుస్తకంలో పడుతుందోనని.

ఆ భయానికి పుట్టుక ఉంది. 1329 ఫస్లీలో, అంటే 1919లో, హైదరాబాద్‌లో హిజ్రాల పేర్లు రిజిస్టరులో రాయాలని చట్టం వచ్చింది. 'అసహజ నేరం' చేస్తారన్న అనుమానం చాలు, పేరెక్కేది. ఆ తర్వాత ఆడ బట్టల్లో వీధిలో కనబడితే వారెంటు లేకుండానే అరెస్టు. తెలంగాణ హైకోర్టు దాన్ని 2023 జులైలో గానీ కొట్టేయలేదు. అది హిజ్రాల చట్టం కదా, గే మగవాళ్లకేం సంబంధమని అడగొచ్చు. కానీ ఆ 'అసహజ నేరం' అన్న ముద్రే ఐపీసీ 377వ సెక్షన్ రూపంలో వాళ్ల మీదా పడింది. దాని నష్టం ఏమిటో 2006లో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) స్వయంగా ఢిల్లీ హైకోర్టుకు అఫిడవిట్‌లో చెప్పింది: ఈ సెక్షన్ భయంతో మనుషులు దాక్కుంటున్నారు, హెచ్‌ఐవీ నివారణ వాళ్లను చేరడం లేదని. 2009లో ఆ హైకోర్టులో ఊరట దొరికింది, 2013లో సుప్రీంకోర్టులో చేజారింది, 2018 సెప్టెంబరులో అక్కడే నిలిచింది. అప్పటికి 1958లో పుట్టినవాడికి అరవై ఏళ్లు. బతుకంతా దాచుకోవడమే నేర్పిన చట్టం పోయిందని ఒక్క తీర్పుతో నమ్మమంటే ఎలా?

ఆ వయసులో ఇంకా ఈ గొడవేమిటి, పెళ్లాం పిల్లలున్నవాళ్లే కదా అంటారు కొందరు. వైరస్ వయసు అడగదు. పెళ్లయినవాడు పరీక్ష తప్పించుకుంటే ముప్పు ఇంట్లో ఆమెకూ ఉంటుంది. పైగా ప్రభుత్వం 2004లో హెచ్‌ఐవీకి ఉచిత ఏఆర్‌టీ చికిత్స మొదలుపెట్టినప్పుడు నలభైల్లో ఉన్నవాళ్లు ఇప్పుడు అరవైల్లో ఉన్నారు. బీపీ, షుగర్ మాత్రల పక్కనే వాళ్ల ఏఆర్‌టీ మాత్రా ఉంటుంది. రోజూ వేసుకుని వైరస్ పరీక్షకు అందనంత తగ్గితే శృంగారం ద్వారా ఇతరులకు సోకదు. సోకనివాళ్లకు ముందుజాగ్రత్తగా ప్రెప్ మందు ఉంది. ఇవన్నీ పోస్టరులో రాయొచ్చు. తన సంగతి డాక్టరుతో విప్పి చెప్పుకోగలిగినప్పుడే పనికొస్తాయి.

అందుకు వేరే క్లినిక్కులు ఉన్నాయిగా అనడమూ వింటాం. నారాయణగూడలో 2021లో ట్రాన్స్ మనుషులే నడిపేలా తెరిచిన మిత్ర్ క్లినిక్ మంచి దారి చూపింది. అయితే 2025 జనవరిలో అమెరికా సాయం ఆగగానే దానికి తాళం పడింది. తర్వాత టాటా ట్రస్ట్స్ అండతో సబ్‌రంగ్ పేరుతో మళ్లీ తెరుచుకుంది. పరాయి డబ్బు మీద నిలిచిన నమ్మకం ఒక్క ఉత్తర్వుతో కూలుతుంది. సర్కారు దవాఖానా అలా కాదు, రేపూ ఉంటుంది. 2017 నాటి హెచ్‌ఐవీ చట్టం గోప్యతను హక్కు చేసింది. కానీ ఓపీ కిటికీ దగ్గర, వెనకాల పదిమంది వింటుండగా 'ఏం జబ్బు?' అని గట్టిగా అడిగితే ఆ హక్కు అక్కడే ఆవిరైపోతుంది. ఇటు ఒడ్డున కోర్టు ఒక రిజిస్టరును కొట్టేసింది. అటు ఒడ్డున రిజిస్టరు ఉండక తప్పదు. అందులో రాసిన పేరు బయటికి పొక్కదని ఆ పెద్దమనిషికి నమ్మకం కలిగించడమే మిగిలిన పని.