గొంతు మందు కోసం పుట్టిన స్ప్రే గన్: కారు పెయింటింగ్ షెడ్డు వెనక కథ

డెంటింగ్, పెయింటింగ్ షెడ్డు ముందు నుంచి వెళ్తుంటే థిన్నర్ వాసనకి ముక్కు మూసుకుంటాం కదా? మనం పది సెకన్లలో దాటిపోతాం. లోపల పెయింటర్ అన్న మాత్రం పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఆ గాలిలోనే ఉంటాడు. ఆ గాలి అలా ఎలా తయారైందో ఈ ఎపిసోడ్‌లో చెప్తాను.

మొదట స్ప్రే గన్ సంగతి. అమెరికాలో అలెన్ డెవిల్బిస్ అని ఒక డాక్టరు ఉండేవాడు. గొంతు నొప్పితో వచ్చేవాళ్లకి మందు పూయడం కష్టంగా ఉందని, రబ్బరు బల్బు నొక్కితే మందు తుంపరలా పడే పరికరం చేశాడు. 1888లో కంపెనీ పెట్టాడు. ఆయన కొడుకు థామస్ 1907లో అదే సూత్రంతో రంగు కొట్టే గన్ తయారుచేశాడు. చూడండి, మందుని గొంతు లోపలికి పంపడానికి పుట్టిన ఐడియా ఇది! రంగుని కూడా అంతే బాగా లోపలికి పంపుతుంది.

అంతకుముందు కార్లకి గుర్రపు బండ్లకి వేసినట్టే బ్రష్షుతో వార్నిష్ వేసేవాళ్లు. పూత మీద పూత, ఆరబెట్టడం, రుద్దడం... ఒక్క కారుకి వారాలు పట్టేది. 1923లో డ్యూపాంట్, జనరల్ మోటార్స్ కలిసి డ్యూకో అనే లాకర్ పెయింట్ తెచ్చాయి. వారాల పని గంటల్లోకి వచ్చేసింది. ఎలా? అందులోని థిన్నర్ చకచకా ఆవిరైపోతుంది కాబట్టి. మరి ఆ ఆవిరి ఎక్కడికి పోయింది? గన్ పట్టుకున్నవాడి ముక్కులోకి. తల తిరగడం, తలనొప్పి, వికారం అక్కడివే.

నేను ఆటోనగర్‌లో ఒక పెద్దాయన్ని అడిగితే, "వాసన అలవాటైపోయింది బాబూ, ఇప్పుడేం తెలీదు" అన్నాడు. నాకు భయం వేసింది ఆ మాటకే. ఎందుకంటే అసలు ప్రమాదం వాసన వచ్చేదాంట్లో లేదు.

1937లో జర్మనీలో ఒట్టో బేయర్ బృందం పాలీయురెథేన్ కనిపెట్టింది. తర్వాతి దశాబ్దాల్లో అది కార్ల పెయింటులోకి వచ్చింది. షెడ్డులో 2కె అంటారే, క్లియర్ కోట్‌లో హార్డనర్ కలుపుతారే, అదన్నమాట. ఆ హార్డనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి. అద్దంలాంటి మెరుపు వాటి వల్లే. ఉబ్బసం కూడా వాటి వల్లే రావచ్చు. ఒకసారి శరీరానికి పడకుండా పోతే, ఆ తర్వాత చాలా కొంచెం పీల్చినా ఊపిరాడదు. వాసన తెలిసే సరికే అది పరిమితి దాటిపోయి ఉంటుంది. మూతికి కట్టిన కర్చీఫ్ దాన్ని ఆపలేదు. బ్రిటన్‌లో అయితే బయటి నుంచి పైపుతో మంచి గాలి వచ్చే మాస్కు వాడమంటారు. గన్ ఆపగానే ఆ మాస్కు ఎత్తొద్దని కూడా గట్టిగా చెప్తారు. కంటికి కనపడని తుంపర బూత్‌లో ఇంకా తిరుగుతూనే ఉంటుంది కదా.

ఐసోసయనేట్ అనగానే భోపాల్ గుర్తొచ్చిందా? 1984లో లీకైన మిథైల్ ఐసోసయనేట్ ఈ కుటుంబానిదే, కాకపోతే చాలా తేలిగ్గా ఆవిరయ్యే వేరే రకం. ఆ దుర్ఘటన తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించారు. ఆ చట్టంలో ప్రభుత్వానికి తెలియజేయాల్సిన జబ్బుల పట్టికలో ఐసోసయనేట్ విషప్రభావం ఉండేది. బాగానే ఉంది. కానీ ఆ చట్టం లెక్కలో ఫ్యాక్టరీ అంటే కరెంటుతో నడిచేచోట కనీసం 10 మంది పనివాళ్లు ఉండాల్సి వచ్చేది. 2020 నాటి కొత్త కోడ్‌లో ఆ సంఖ్య 20 అయింది. మన షెడ్డులో ఉండేది ఎంతమంది? ఒక మేస్త్రి, ఇద్దరు కుర్రాళ్లు! జబ్బు పేరు చట్టంలో ఉంది, జబ్బు పడేవాడు లేడు. నాకైతే ఈ కథలో అన్నిటికన్నా కోపం తెప్పించేది ఇదే.

1700లో ఇటలీ డాక్టరు బెర్నార్డినో రమజ్జినీ పనివాళ్ల జబ్బుల మీద ఒక పుస్తకం రాశాడు. రంగులు వేసేవాళ్ల గురించి కూడా ఉంది అందులో. రోగిని "నువ్వేం పని చేస్తావు?" అని తప్పకుండా అడగాలని తోటి డాక్టర్లకి చెప్పాడు. ఇప్పటికీ ఆ ప్రశ్న అడగని డాక్టర్లు ఉన్నారు. మీ అన్నో, బావో, ఫ్రెండో పెయింటింగ్ పనిలో ఉండి, రాత్రిపూట దగ్గు, ఛాతీ పట్టేసినట్టు ఉండి, సెలవు రోజుల్లో తగ్గుతుంటే, డాక్టరు అడక్కపోయినా మీరే చెప్పండి: "నేను కార్లకి 2కె పెయింట్ కొడతాను" అని.