అణాకు మించని అన్నం

పేదవాడల్లోని మద్రాసు కార్పొరేషన్ బడుల్లో పిల్లల్ని చేర్చడం ఒక ఎత్తు, నిలపడం మరో ఎత్తు. ఖాళీ కడుపుకు ఎక్కాలు ఎక్కవు కదా! కార్పొరేషన్ అధ్యక్షుడు, తెలుగు దేవాంగుల ఇంటివాడైన పిట్టి త్యాగరాయ చెట్టి దీనికి తిండితోనే జవాబు చెప్పారు. 1920 సెప్టెంబరు 16న కౌన్సిల్ ఒప్పుకుంది: థౌజండ్ లైట్స్ ప్రాంతంలోని బడిలో మధ్యాహ్న ఫలహారం, పిల్లవాడికి రోజుకు అణా మించకూడదు.

పథకం మరో నాలుగు బడులకు పాకింది. ఐదింటిలో కలిపి 1922-23లో 811 మంది ఉంటే, రెండేళ్లకు 1,671 అయ్యారు. ఇంతకన్నా రుజువేం కావాలి?

సర్కారుకు మాత్రం ఖర్చే కనబడింది. ప్రాథమిక విద్యా నిధిని తిండికి వాడరాదంటూ 1925లో ఆపించింది. రెండేళ్లు మొత్తుకున్నాక గానీ పొయ్యి మళ్లీ వెలగలేదు.

తర్వాత మద్రాసు ముఖ్యమంత్రి కామరాజ్ 1956లో రాష్ట్రమంతా విస్తరించింది ఇలాంటి ఆలోచననే.