మంచుదారి చూపినవారు

ఏప్రిల్ అంటే మన గూడేల్లో ఇప్పపూలు ఏరుకునే కాలం. అదే నెలలో భూగోళం ఉత్తరపు కొసన, గ్రీన్‌లాండ్ పడమటి తీరంలోని ఇలులిస్సాట్ ఊరికి దూరదేశాల యాత్రికులు వస్తారు. అక్కడి వేటగాళ్లు వాళ్లను కుక్కలు లాగే స్లెడ్జి బండ్ల మీద కూర్చోబెట్టుకుని మంచు మైదానాల్లోకి తీసుకెళ్తారు. రాత్రికి గుడారం వేస్తారు, లేదంటే వేటగాళ్ల గుడిసెలో పడుకోబెడతారు. కొన్ని రోజుల తర్వాత క్షేమంగా ఊరికి చేరుస్తారు. దీన్ని ఇప్పుడు విహారయాత్ర అంటున్నారు. కానీ ఈ బండి వెనుక విహారం కాని చరిత్ర చాలా ఉంది. పాఠాలు చెప్పే మనమూ, చదువుకునే మన పిల్లలూ తెలుసుకోవలసిన చరిత్ర అది.

ముందుగా ఆ మనుషుల పేరు. మనం చిన్నప్పుడు వాళ్లను ఎస్కిమోలు అని చదివాం. తర్వాత మన పిల్లలకూ అలాగే చెప్పాం. ఆ పేరు బయటివాళ్లు పెట్టింది. వాళ్లు తమను ఇన్యూట్ అని పిలుచుకుంటారు. ఆ మాటకు అర్థం మనుషులు అనే. గోండులు తమను కోయితూర్ అని చెప్పుకుంటారని ఎరిగిన మనకు ఇందులో వింత ఏమీ లేదు.

వసంతంలోనే ఈ యాత్ర ఎందుకు? ఇలులిస్సాట్‌లో నవంబరు చివర మునిగిన సూర్యుడు జనవరి నడిమి దాకా మళ్లీ కనిపించడు. మే నెల రెండో సగం వచ్చేసరికి అసలు మునగడు. ఈ రెండింటి నడుమ మార్చి, ఏప్రిల్ నెలల్లో పగలు పొడుగ్గా ఉంటుంది, మంచు ఇంకా గట్టిగానే ఉంటుంది. ఇన్యూట్లకు పూర్వం నుంచీ ఇది దూరప్రయాణాల కాలం. సముద్రపు మంచు మీదికి ఎక్కి ఎండ కాచుకునే సీల్ జంతువులను వేటాడే కాలం. ఆ ఎండ మంచు మీద పడి కళ్లు పోకుండా, సన్నని చీలిక మాత్రమే ఉండే కళ్లజోళ్లను ఎముకతోనూ కట్టెతోనూ చేసుకున్నవాళ్లు వాళ్లు. యాత్రికుల కోసం కొత్తగా కనిపెట్టిన రుతువు కాదు ఇది.

ఇన్యూట్ల పూర్వీకులు సుమారు వెయ్యేళ్ల కిందట అలాస్కా వైపు నుంచి కుక్కలతో, బండ్లతో తూర్పుకు కదిలారు. కెనడా ఉత్తర దీవులు దాటి గ్రీన్‌లాండ్ చేరారు. చెట్లు మొలవని నేల అది. సముద్రం కొట్టుకొచ్చిన కట్టె, తిమింగలం ఎముక, జింక కొమ్ము, వీటితోనే బండి కట్టేవారు. మేకులు కొట్టేవారు కాదు, సీల్ తోలు వారుతో బిగించేవారు. అందుకే ఎగుడుదిగుడు మంచు మీద బండి విరగదు, వంగి సాగిపోతుంది. కట్టె దొరకని నెట్సిలిక్ ఇన్యూట్లు చేపలను తడి తోలులో చుట్టి, గడ్డకట్టించి, వాటినే బండి కింది పట్టాలుగా వాడారు. ఎండలు ముదిరి బండి కరిగితే చేపలు మనుషులకు, తోలు కుక్కలకు. వృథా అన్న మాటే లేదు.

చెట్లు అడ్డురావు కాబట్టి ఒక్కో కుక్కకు ఒక్కో వారు కట్టి, విసనకర్రలాగా విప్పి తోలుతారు. కుక్క పని బండి లాగడంతో అయిపోదు. మంచు కింద సీల్ ఊపిరి పీల్చుకునే రంధ్రాన్ని వాసనతో పట్టేది కుక్క. ఎలుగుబంటిని చుట్టుముట్టి నిలబెట్టేది కుక్క. మంచుతుఫానులో మనిషికి దారి తెలియనప్పుడు ఇంటికి చేర్చేదీ కుక్కే. ఎడ్లు లేని రైతు ఎంతో, కుక్కలు లేని ఇన్యూట్ వేటగాడు అంత.

ఇక దొరలు వచ్చిన కథ. 1909 ఏప్రిల్‌లో ఉత్తర ధ్రువం చేరానని అమెరికా నౌకాదళ అధికారి రాబర్ట్ పియరీ ప్రకటించాడు. నిజంగా చేరాడా లేదా అన్న వాదన నేటికీ ఉంది. మనకు కావలసింది వేరే సంగతి. చివరి దశలో అతనితో ఉన్నది ఐదుగురు. ఒకరు నల్లజాతి అమెరికన్ మాథ్యూ హెన్సన్. మిగిలిన నలుగురూ ఇన్యూట్లు: ఊటా, ఎగింగ్వా, సీగ్లూ, ఊకియా. కుక్కలు వాళ్లవి, వాటిని తోలే విద్య వాళ్లది, ఒంటిమీది తోలు బట్టలు వాళ్ల ఆడవాళ్లు కుట్టినవి. కీర్తి మాత్రం చాలాకాలం పియరీ ఒక్కడికే దక్కింది.

అంతకుముందే అతను వాళ్ల దగ్గర ఇంకేం తీసుకున్నాడో కూడా చెప్పాలి. ఆకాశం నుంచి పడిన ఇనుప ఉల్కల నుంచి ముక్కలు కొట్టుకుని ఆ ప్రాంతపు ఇన్యూట్లు తరతరాలుగా కత్తులు, ఈటె మొనలు చేసుకునేవారు. 1894లో ఒక స్థానికుడు దారి చూపగా పియరీ వాటిని చూశాడు. 1897కల్లా మూడింటినీ ఓడకెక్కించి న్యూయార్క్ తీసుకెళ్లాడు. ఆ ఏడాదే ఆరుగురు ఇన్యూట్లను కూడా తీసుకెళ్లాడు. కొద్ది నెలల్లోనే నలుగురు జబ్బుపడి చనిపోయారు. వారిలో ఒకడైన కిసుక్‌కు ఉత్తుత్తి అంత్యక్రియలు జరిపి, అతని పసివాడు మినిక్‌ను నమ్మించారు. తండ్రి ఎముకలు మ్యూజియంలోనే ఉన్నాయని మినిక్‌కు తర్వాత తెలిసింది. అడిగినా ఇవ్వలేదు. ఆ నలుగురి ఎముకలు 1993లో గాని సొంత నేలకు చేరలేదు.

అందరూ ఒకేలా లేరు. ఇలులిస్సాట్‌లో పుట్టి, ఇన్యూట్ల భాష మాట్లాడుతూ పెరిగిన క్నూడ్ రాస్ముస్సెన్ 1921 నుంచి 1924 వరకు గ్రీన్‌లాండ్ నుంచి అలాస్కా దాకా కుక్కబండ్ల మీద తిరిగి ఇన్యూట్ల కథలు, పాటలు, నమ్మకాలు రాసుకున్నాడు. ఆ దూరమంతా అతనితో వచ్చిన కావిగార్సువాక్ అనే యువకుడి పేరు, ఆర్నారులుంగ్వాక్ అనే మహిళ పేరు చరిత్రలో నిలిచాయి. రాసేవాడు రాస్తే పేరు నిలుస్తుంది.

అన్నిటికన్నా పెద్ద దెబ్బ కెనడాలో తగిలింది. 1950ల నుంచి ప్రభుత్వం ఇన్యూట్లను వేట మకాముల నుంచి స్థిర గ్రామాలకు చేర్చింది. బడి అక్కడే, ఆసుపత్రి అక్కడే, దుకాణం అక్కడే. పిల్లలు బడిలో ఉంటే తల్లిదండ్రులు మకాంలో ఎలా ఉంటారు? వచ్చారు. వెంట కుక్కలూ వచ్చాయి. కుక్కలను కట్టేయాలని చట్టం చెప్పింది. బండి కుక్కను గొలుసుకు కట్టి ఉంచితే ఒళ్లు సడలి పనికి రాదు. ఆ చట్టం వాళ్ల భాషలో అర్థమయ్యేలా చెప్పినవాళ్లు తక్కువ. విడిగా తిరిగే కుక్కలను పోలీసులు, ఇతర అధికారులు కాల్చి చంపారు. నిజానికి ఆ పోలీసులు కూడా ఇన్యూట్లు తోలే కుక్కబండ్ల మీదే గస్తీ తిరిగినవాళ్లు. కుక్కలు పోయిన మనిషి మకాంకు తిరిగి వెళ్లలేడు, వేటాడలేడు. సర్కారు ఇచ్చే సాయం కోసం వరుసలో నిలబడ్డాడు.

పెద్దలు ఈ బాధను ఏళ్ల తరబడి చెబుతూనే ఉన్నారు. ప్రణాళిక ప్రకారం చంపిన ఆధారం లేదని పోలీసులు 2006లో తమ నివేదిక తామే రాసుకున్నారు. అప్పుడు బాఫిన్ ప్రాంతపు ఇన్యూట్ల సంఘం 2007లో సొంతంగా కికిక్తాని సత్య కమిషన్‌ను వేసుకుంది. కమిషన్ గ్రామగ్రామానికి వెళ్లి వందల మంది మాట విని, 2010లో నివేదిక ఇచ్చింది. రహస్య కుట్ర ఉందని అది చెప్పలేదు. కానీ ఇన్యూట్ల బతుకును అర్థం చేసుకోకుండా ప్రభుత్వం చేసిన పనుల వల్లే కుక్కలు పోయాయని, మనుషులు చితికిపోయారని తేల్చింది. 2019లో కెనడా ప్రభుత్వం బాఫిన్ ప్రజలకు క్షమాపణ చెప్పింది. 2024లో క్యూబెక్ ఉత్తర భాగమైన నునావిక్ ప్రజలకూ చెప్పి, 4.5 కోట్ల డాలర్లు ప్రకటించింది. చూసినవాళ్లలో చాలామంది అప్పటికే లేరు.

ఇప్పుడు మంచు మోటారుబండ్లు వచ్చాయి, సముద్రపు మంచు పలచబడుతోంది, వేట తగ్గుతోంది. గ్రీన్‌లాండ్‌లో బండి కుక్కల సంఖ్య ఇరవై ఏళ్లలో దాదాపు సగానికి పడిపోయింది. అక్కడి ఉత్తర, తూర్పు ప్రాంతాల్లో వేరే జాతి కుక్కను తేకూడదని చట్టం ఉంది. నునావిక్‌లో 2001 నుంచి ఇవాక్కక్ అనే కుక్కబండ్ల పందెం పెట్టి పాత విద్యను మళ్లీ నేర్పుతున్నారు. యాత్రికుల సొమ్ము కూడా కుక్కల మేతకు అక్కరకొస్తోంది. కాబట్టి ఆ విహారయాత్రను మనం తప్పుపట్టడం లేదు. అడగవలసింది ఒక్కటే: బండి ఎవరిది, కుక్కలు ఎవరివి, వచ్చిన డబ్బు ఎవరి ఇంటికి చేరుతోంది?

అదే ప్రశ్న మన వైపూ తిప్పుకుందాం. మన కొండల్లో సర్వే గొలుసులు పట్టిన దొరలకు, అడవి హద్దులు గీసిన అధికారులకు వాగులు, కనుమలు చూపించింది మన తాతలే. వాళ్లలో ఎంతమంది పేర్లు రాసి ఉన్నాయి? ఈ వేసవి సెలవుల్లో ప్రతి ఉపాధ్యాయుడు తన పిల్లలకు ఒక పని చెప్పాలి. గూడెంలో పెద్దల దగ్గర కూర్చుని, దారి చూపినవారి పేర్లు, వాళ్లు చూపిన దారుల పేర్లు అడిగి నోటు పుస్తకంలో రాసుకోవాలి. ఇన్యూట్లు తమ కమిషన్ తాము వేసుకునేటప్పటికి యాభై ఏళ్లు గడిచిపోయాయి. మన పెద్దలు ఇంకా ఇప్పచెట్టు కింద కూర్చునే ఉన్నారు.