ఆఫ్రికన్ గ్రే చిలుకల పెంపకం: మేత, సంరక్షణలో పాటించాల్సిన మెళకువలు

బూడిద రంగు ఈకలు, ఎర్రటి తోక, నల్లటి ముక్కుతో ఉండే ఆఫ్రికన్ గ్రే చిలుకకు మాట నేర్పు, తెలివి ఎక్కువ. అందుకే పట్టణాల్లోనే కాక పల్లెల్లోనూ దీన్ని పెంచేవారున్నారు. అయితే ఎక్కువ మంది దీనికి పొద్దుతిరుగుడు గింజలు, వేరుశనగ పప్పు, నాలుగు జామ ముక్కలు పెడితే సరిపోతుందనుకుంటారు. సరైన మేత, శ్రద్ధ ఉంటే 40 నుంచి 60 ఏళ్లు బతకగల పక్షి, గింజల మేత మీద కొన్నేళ్లకే మూర్ఛలతోనో శ్వాస జబ్బుతోనో చనిపోతుంది. ఈ నష్టాన్ని చాలా వరకు నివారించవచ్చు.

జాతి వివరాలు

ఈ చిలుక స్వస్థలం పశ్చిమ, మధ్య ఆఫ్రికా అడవులు. ఘనా, కామెరూన్, కాంగో, ఉగాండా తదితర దేశాల్లో కనిపిస్తుంది. పెంపకంలో రెండు రకాలున్నాయి.

- కాంగో గ్రే: పొడవు సుమారు 33 సెం.మీ., బరువు 400 నుంచి 500 గ్రాములు. తోక మెరిసే ఎరుపు.
- టిమ్నే గ్రే: కొంచెం చిన్నది. ఈకలు ముదురు బూడిద రంగు, తోక ముదురు ఎరుపు గోధుమ రంగు.

ఆడ, మగ పక్షులు చూడటానికి ఒకేలా ఉంటాయి. కచ్చితంగా తెలియాలంటే డి.ఎన్.ఎ. పరీక్ష చేయించాలి. పిల్లల కంటిపాప చుట్టూ నల్లగా ఉండి, పెరిగేకొద్దీ లేత బూడిద, ఆ తర్వాత పసుపు రంగుకు మారుతుంది. కొనేటప్పుడు వయసు అంచనాకు ఇది పనికొస్తుంది.

కొనే ముందు

అడవి నుంచి పట్టి అమ్మడం వల్ల ఆఫ్రికాలో ఈ చిలుకలు బాగా తగ్గిపోయాయి. 2016లో జొహన్నెస్‌బర్గ్‌లో జరిగిన సైటిస్ సమావేశంలో వీటిని మొదటి అనుబంధంలో చేర్చారు. 2017 జనవరి నుంచి అడవి పక్షుల అంతర్జాతీయ వాణిజ్యం నిషేధంలో ఉంది. మన దేశంలో 2022లో సవరించిన వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇలాంటి జాతులను పెంచేవారు వివరాలు నమోదు చేసుకోవాలి. 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం కొత్తగా పక్షిని తెచ్చుకున్నవారు 30 రోజుల్లోగా పరివేష్ పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి. ఇప్పటికే పెంచుతూ నమోదు చేయనివారు జిల్లా అటవీ అధికారిని కలిసి ఏం చేయాలో తెలుసుకోవాలి.

మన రామచిలుకకు ఈ నమోదు వర్తించదు. దాన్ని పట్టడం, అమ్మడం, పంజరంలో పెంచడం నేరం.

కొనేటప్పుడు ఈ కిందివి చూసుకోవాలి.

- అమ్మేవారి దగ్గర రసీదు, పక్షి కాలి రింగు నంబరు తప్పక తీసుకోవాలి.
- సొంతంగా తినడం రాని పిల్లను కొనవద్దు. చేతి మేత పెట్టడం అనుభవం ఉన్నవారి పని. పిండి వేడి ఎక్కువైతే మేత సంచి కాలుతుంది, తక్కువైతే మేత అరగక పులుస్తుంది.
- ముక్కు రంధ్రాలు పొడిగా, కళ్లు తేటగా ఉండాలి. రొమ్ము ఎముక కత్తిలా పొడుచుకు వస్తే పక్షి చిక్కిపోయినట్లు లెక్క.
- కొన్న వెంటనే చిలుకల ముక్కు, ఈకల జబ్బు వైరస్‌కు, సిట్టకోసిస్‌కు పరీక్ష చేయించాలి. ఇంట్లో వేరే పక్షులుంటే కనీసం 30 రోజులు విడిగా ఉంచాలి.

ఈ పక్షి మీకన్నా ఎక్కువ కాలం బతకవచ్చు. మీ తర్వాత దాన్ని ఎవరు చూసుకుంటారో కొనకముందే ఇంట్లో మాట్లాడుకోవాలి.

పంజరం, వసతి

ఒక పక్షికి పంజరం కనీసం 3 అడుగుల వెడల్పు, 2 అడుగుల లోతు, 4 అడుగుల ఎత్తు ఉండాలి. ఊచల మధ్య సందు 2 నుంచి 2.5 సెం.మీ. మించకూడదు. స్టెయిన్‌లెస్ స్టీలు మంచిది. కోళ్ల షెడ్డుకు వాడే జింకు పూత మెష్‌తో పంజరం కట్టవద్దు. చిలుక ఆ తీగను కొరుకుతూనే ఉంటుంది. జింకు ఒంట్లో చేరి విషమవుతుంది. సీసం కలిసిన పాత పెయింట్లు కూడా అంతే ప్రమాదం.

కూర్చునే కర్రలు ఒకే మందంలో ఉంటే పాదాలకు పుండ్లు పడతాయి. జామ, వేప కొమ్మలను కడిగి ఎండబెట్టి, రకరకాల మందాల్లో అమర్చాలి. గన్నేరు కొమ్మ, ఆకు ఎప్పుడూ వాడవద్దు. అది విషం.

పంజరం వంటగదిలో పెట్టకూడదు. నాన్‌స్టిక్ పెనం మాడితే వచ్చే పొగ మనకు పెద్దగా తెలియకపోయినా చిలుక నిమిషాల్లో చనిపోతుంది. దోమల కాయిల్, అగరుబత్తి పొగ, రూమ్ స్ప్రే, పురుగుమందులు, స్ప్రేయర్లు నిల్వ చేసే గది కూడా దూరంగా ఉండాలి. పెరట్లో కోళ్లు తిరిగే చోట పెట్టవద్దు. కొక్కెర తెగులు చిలుకలకూ సోకుతుంది.

రాత్రి 10 నుంచి 12 గంటల చీకటి, నిశ్శబ్దం అవసరం. రాత్రి పొద్దుపోయేదాకా టీవీ నడిచే హాల్లో ఉంచితే పక్షికి నిద్ర చాలదు, చిరాకు పెరుగుతుంది.

మేత యాజమాన్యం

గింజల్లో కొవ్వు ఎక్కువ, కాల్షియం, విటమిన్ ఎ తక్కువ. పొద్దుతిరుగుడు, వేరుశనగ రెండింటిలోనూ కాల్షియం కన్నా భాస్వరం చాలా రెట్లు ఎక్కువగా ఉంటుంది. అందుకే ఎంత తిన్నా పక్షికి కాల్షియం అందదు. రోజు మేత ఇలా ఉండాలి.

- పెల్లెట్లు: 60 నుంచి 70 శాతం. చిలుకల కోసమే తయారుచేసినవి, రంగులు లేనివి మేలు. కాంగో గ్రేకు రోజుకు సుమారు 30 నుంచి 40 గ్రాములు.
- కూరగాయలు, ఆకుకూరలు: 20 నుంచి 30 శాతం.
- పండ్లు: 5 నుంచి 10 శాతం. బొప్పాయి, జామ, దానిమ్మ, మామిడి.
- గింజలు, పప్పులు: మిగతా కొంచెం. శిక్షణలో బహుమతిగా ఇస్తే చాలు.

కోళ్ల దాణా పెల్లెట్లకు ప్రత్యామ్నాయం కాదు. గుడ్లు పెట్టే కోళ్ల దాణాలో కాల్షియం 3.5 నుంచి 4 శాతం దాకా ఉంటుంది. గుడ్డు పెట్టని చిలుక మూత్రపిండాలు దాన్ని తట్టుకోలేవు. బ్రాయిలర్ దాణాలో మందులు కలిసి ఉండవచ్చు.

మన పెరట్లో దొరికే మంచి మేత ఇది.

- మునగాకు: కాల్షియం, విటమిన్ ఎ రెండూ ఇస్తుంది. రోజూ ఒక చిన్న రెమ్మ ఇవ్వవచ్చు.
- క్యారెట్, గుమ్మడి, ఉడికించిన చిలగడదుంప: విటమిన్ ఎ కోసం.
- మిరపకాయ: చిలుకకు కారం తెలియదు. ఎర్రటి పండుమిరప ఇష్టంగా తింటుంది.
- మొలకెత్తిన పెసలు, రాగులు: 100 గ్రాముల రాగుల్లో 340 నుంచి 360 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. మొలకలను రెండు మూడుసార్లు బాగా కడిగి, వాసన వస్తే పారేయాలి.
- లేత మొక్కజొన్న, బీర, బెండ, చిక్కుడు: ముక్కలుగా కోసి. చిక్కుడు గింజలు, రాజ్మా వంటివి పచ్చిగా పెట్టకుండా ఉడికించాలి.
- పాలకూర, తోటకూర, గోంగూర: వీటిలోని ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టేస్తాయి. వారానికి ఒకటి రెండుసార్లు, కొద్దిగా మాత్రమే.

పురుగుమందు కొట్టిన తోట కూరగాయలు వద్దు. బజారులో కొన్నవి బాగా కడిగి పెట్టాలి.

అడవిలో గ్రే చిలుకకు ఎంతో ఇష్టమైన ఆహారం ఆయిల్ పామ్ పండు గుజ్జు. మన రాష్ట్రాల్లో ఆయిల్ పామ్ సాగు చేసే రైతులకు ఇది అందుబాటులోనే ఉంది. మందు పెట్టని చెట్టు నుంచి అప్పుడే కోసిన పండు వారానికి ఒకటి రెండు ఇవ్వవచ్చు. గుట్టగా పోసి రోజుల తరబడి నిల్వ ఉన్న గెలల పండ్లు పనికిరావు. బజారులో దొరికే శుద్ధి చేసిన పామాయిల్‌లో విటమిన్ ఎ ఇచ్చే ఎర్రటి పదార్థం పోతుంది. కాబట్టి అది మేతలో కలిపినా లాభం లేదు.

వేరుశనగతో జాగ్రత్త

సరిగా ఎండని వేరుశనగలో బూజు పడితే అఫ్లాటాక్సిన్ తయారవుతుందని రైతులకు తెలిసిందే. అది చిలుక కాలేయాన్ని దెబ్బతీస్తుంది. అదే జాతి బూజు గాలితో లోపలికి చేరితే ఊపిరితిత్తుల్లో ఆస్పర్‌జిల్లోసిస్ వస్తుంది. గ్రే చిలుకలకు ఇది త్వరగా సోకుతుంది, చికిత్స నెలల తరబడి సాగుతుంది. పొట్టుతో ఉన్న పచ్చి కాయలు పెట్టవద్దు. ఇవ్వాలనుకుంటే బూజు లేని పప్పు, ఉప్పు లేకుండా వేయించి, రోజుకు ఒకటి రెండు గింజలకు మించకుండా ఇవ్వాలి.

అస్సలు పెట్టకూడనివి

- అవకాడో, చాక్లెట్, కాఫీ, టీ, మద్యం: ఇవి ప్రాణాంతకం.
- ఉల్లి, వెల్లుల్లి.
- ఉప్పు, నూనె ఉన్నవి: పచ్చడి, మిక్చర్, చిప్స్, బిర్యానీ.
- యాపిల్ గింజలు, పీచు, చెర్రీ టెంకలు.
- పాలు. పక్షులకు అరగవు.

గింజల నుంచి పెల్లెట్లకు మార్చడం

ఒక్కసారిగా మార్చకూడదు. కొత్త మేతను పక్షి ఆహారంగా గుర్తించక పస్తులుంటుంది. 4 నుంచి 8 వారాల సమయం తీసుకోవాలి. ఉదయం ఆకలిగా ఉన్నప్పుడు ముందుగా పెల్లెట్లు, కూరగాయలు పెట్టాలి. సాయంత్రం గింజలు ఇస్తూ వారం వారం తగ్గించాలి. మీరు దాని ఎదుట కూరగాయ తింటే అదీ రుచి చూస్తుంది.

ఈ కాలంలో రోజూ ఉదయం మేత పెట్టకముందు గ్రాముల తూకంపై బరువు చూసి రాసుకోవాలి. బరువు 10 శాతం తగ్గితే, అంటే 450 గ్రాముల పక్షి 405 గ్రాములకు వస్తే, పాత మేతకు మళ్లి వెంటనే వైద్యుణ్ని సంప్రదించాలి.

కాల్షియం లోపం

చిలుకలన్నింటిలో గ్రే చిలుకకే ఈ సమస్య ఎక్కువ. రక్తంలో కాల్షియం పడిపోతే మొదట కర్ర మీద పట్టు తప్పుతుంది, వణుకుతుంది. తర్వాత కింద పడి రెక్కలు కొట్టుకుంటూ మూర్ఛపోతుంది. చాలామంది దీన్ని దెయ్యం పట్టడమనో, దిష్టి అనో పొరబడి సమయం పోగొట్టుకుంటారు.

మూర్ఛ వస్తే నోట్లో నీళ్లు గానీ మందు గానీ పోయవద్దు. మెత్తని గుడ్డ పరిచిన, గాలి ఆడే అట్టపెట్టెలో, చీకటిగా, కదలకుండా ఉంచి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. సకాలంలో కాల్షియం ఇంజెక్షన్ పడితే చాలా పక్షులు కోలుకుంటాయి.

నివారణకు మేతతోపాటు ఎండ కూడా ముఖ్యం. విటమిన్ డి3 లేకపోతే తిన్న కాల్షియం ఒంటికి పట్టదు. ఉదయం 20 నుంచి 30 నిమిషాలు నేరుగా ఎండ తగలాలి. కిటికీ అద్దం గుండా వచ్చే ఎండలో అవసరమైన కిరణాలు ఉండవు. పంజరంలో సగం నీడ ఉండేలా చూసి, పిల్లులు, గద్దలు రాకుండా మనిషి దగ్గరుండాలి. సముద్రపు నురుగు అని పిలిచే కటిల్ బోన్ పంజరంలో వేలాడదీయవచ్చు. కాల్షియం, విటమిన్ డి చుక్కలు మాత్రం వైద్యుడు చెప్పకుండా వాడవద్దు. ఎక్కువైనా ప్రమాదమే.

వేసవిలో

ఎండలు 40 డిగ్రీలు దాటినప్పుడు రేకుల షెడ్డు కింద, డాబా మీద పంజరం ఉంచకూడదు. నోరు తెరిచి రొప్పుతూ, రెక్కలు ఒంటికి దూరంగా పెట్టుకుంటే వడదెబ్బ తగిలినట్లే. నీడకు మార్చి, పాదాలు, రెక్కల కింద మామూలు నీటితో తడపాలి. ఐసు నీళ్లు వద్దు. తాగే నీరు రోజుకు రెండుసార్లు మార్చాలి. ఉడికిన, కోసిన మేత రెండు గంటల్లో తీసేయాలి.

వారానికి రెండు మూడుసార్లు ఉదయం పూట నీటి తుంపర్లతో స్నానం చేయించాలి. ఈ పక్షి ఈకల నుంచి తెల్లటి పొడి రాలుతుంది. ఇంట్లో ఉబ్బసం ఉన్నవారుంటే దీన్ని తెచ్చుకోకపోవడమే మంచిది.

తోడు, ఆట

అడవిలో గ్రే చిలుకలు గుంపుగా ఉంటాయి, పగలు ఎక్కువ సేపు మేత వెతుక్కోవడంలోనే గడుపుతాయి. అమెరికా శాస్త్రవేత్త ఐరీన్ పెప్పర్‌బర్గ్ 30 ఏళ్లు శిక్షణ ఇచ్చిన అలెక్స్ అనే గ్రే చిలుక 100కు పైగా మాటలు నేర్చుకుని, రంగులు, ఆకారాలు గుర్తించింది. ఇంత తెలివైన పక్షిని రోజంతా ఖాళీ పంజరంలో ఒంటరిగా ఉంచితే ఈకలు పీక్కుంటుంది.

రోజుకు కనీసం 2 నుంచి 3 గంటలు తలుపులు మూసి, ఫ్యాన్ ఆపిన గదిలో బయటకు వదలాలి. మేతను కాగితంలో చుట్టి, మొక్కజొన్న పొత్తులో దాచి పెడితే వెతుక్కుంటూ కాలం గడుపుతుంది. కొరకడానికి తాటాకు, రంగు వేయని మెత్తని చెక్క ఇవ్వాలి. రెక్కలు మరీ పొట్టిగా కత్తిరిస్తే పక్షి బరువుగా కింద పడి రొమ్ము పగులుతుంది.

ఈకలు పీక్కుంటుంటే ముందుగా వైద్య పరీక్ష చేయించాలి. జబ్బు లేదని తేలాకే ఒంటరితనం, నిద్రలేమి వంటి కారణాలు వెతకాలి.

జబ్బు లక్షణాలు

చిలుక జబ్బును చివరిదాకా దాచుకుంటుంది. ఈ కింది వాటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ రోజే వైద్యుడికి చూపించాలి.

- ఈకలు ఉబ్బించుకుని పంజరం అడుగున కూర్చోవడం
- ఊపిరి తీసినప్పుడల్లా తోక పైకి కిందకి ఊగడం
- గొంతు మారడం, మాటలు మానేయడం
- ముక్కు కారడం, నోట్లో తెల్లటి మచ్చలు
- రెట్ట రంగు మారడం, పలచబడటం

సిట్టకోసిస్ చిలుక నుంచి మనిషికీ సోకుతుంది. పక్షి జబ్బుగా ఉన్నప్పుడు మీకు జ్వరం, పొడి దగ్గు వస్తే, ఇంట్లో చిలుక ఉందని డాక్టరుకు తప్పక చెప్పాలి. రెట్టను పొడిగా ఊడవకుండా, తడిపి తుడవాలి.

అన్ని పశువుల ఆసుపత్రుల్లో చిలుకలకు చికిత్స అలవాటు ఉండదు. రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం పశువైద్య కళాశాలల ఆసుపత్రులకు ముందుగా ఫోను చేసి పక్షుల వైద్యుడు ఉన్నారో లేదో కనుక్కోవాలి. ఆ నంబరు అవసరం రాకముందే రాసిపెట్టుకోవాలి.

గుర్తుంచుకోవలసినవి

గింజలు తగ్గించి పెల్లెట్లు, మునగాకు, క్యారెట్ పెంచండి. ఉదయపు ఎండ చూపించండి. వంటగది పొగకు దూరంగా ఉంచండి. వారానికి ఒకసారైనా బరువు తూచి రాసుకోండి. పరివేష్ నమోదు పత్రం, కొన్న రసీదు భద్రపరచండి. ఇంతకాలం గింజల మీదే పెరిగిన పక్షి మీ ఇంట్లో ఉంటే, ముందుగా ఒకసారి వైద్యుడికి చూపించి ఈ వారమే మేత మార్పు మొదలుపెట్టండి.